ఆయన పేరున నా ఉమ్మి

మా అత్తగారికి దేవుడి మందసం తరవాత అంత మడి ఫ్రిజ్‌కే. వేలు పెట్టి రుచి చూసిన గిన్నె అందులోకి ఎళ్లకూడదు. కొరికిన జాంపండు ఎళ్లకూడదు. స్కూలుకెళ్లీ మా గుంట మూతి పెట్టి తాగిన నీళ్ల సీసా ఒకసారి అందులో కనపడితే, ఆ వేళ సామానంతా బయట పెట్టించి పసుపునీళ్లతో తుడిపించింది. ఎంగిలంటే ఆవిడకి పాము కన్నా భయం. అలాంటి ఫ్రిజ్‌లో, పెరుగ్గిన్నె పక్కన, మా ఆయన ఉమ్మి అయిదు సీసాల్లో పెట్టి తలుపు మూసీసాను నాను. బుద్ధుండక్కర్లేదేటి నాకు?

రెండు వేల సంవత్సరం దాటి ఆరేడేళ్లయ్యుంటాది. కూర్మన్నపాలెంలో అద్దెకుండీవాళ్లం. నాను పుట్టింది వన్ టౌన్‌లో, మా నాన్న పోర్టులో కలాసీ. అత్తగారిది గోదావరి వైపు. కొడుక్కి స్టీలు ప్లాంటులో ఉద్యోగం వచ్చాక ఆవిడా ఇటే వచ్చీసింది. నాను ‘ఏటి’ అన్నప్పుడల్లా ఆవిడ మొహం చింతకాయ కొరికినట్టు పెట్టీది. పదకొండేళ్లు ఆవిడ అలాగే పెట్టింది, నాను అలాగే అన్నాను. చివరికి ప్లాంటులో మా వైపు వాళ్లతో బావా బావా అని తిరిగి ఆవిడ కొడుక్కే మా మాట అంటుకుంది. ఆ పాపం కూడా నా నెత్తినే వేసింది.

మా ఆయన క్రేన్ నడిపీవాడు. పెద్ద షెడ్డు, దాని కప్పు కింద పట్టాల మీద అటూ ఇటూ తిరిగీ క్రేను, ఆ క్రేనుకి వేలాడతా రెండు మేడలెత్తున అద్దాల గది. అందులో కూచుని, కింద మనుషులు చైను తగిలించిన ఇనప రాడ్ల కట్టల్ని ఎత్తి, షెడ్డు అవతలికి తీసుకెళ్లి దించాల. ఆ కుర్చీ అంటే ఆయనకి ఎంత గొప్పో. పెళ్లిచూపులకొచ్చినప్పుడు జీతం సంగతి ఎత్తలేదు, “పైన కూచుని పనండీ నాది” అన్నాడు మా నాన్నతో. మా నాన్న ఏదో మేడ మీద ఆఫీసు అనుకుని సంబంధం ఖాయం చేసీసాడు.

ఆ కుర్చీకే ఎసరొచ్చింది. ఒకరోజు ఏ షిఫ్టులో, అంటే పొద్దున్న ఆరుకి మొదలయ్యీ షిఫ్టులో, పది గంటల ప్రాంతంలో కట్ట గాల్లో వేలాడతా ఉంది. క్రేను ఆగాల్సిన చోట ఆగలేదు. కింద మనుషులు కేకలేశారు, చేతులూపారు. ఆగలేదు. ఒకడు నెత్తి మీది హెల్మెట్ తీసి గురి చూసి పైకి విసిరితే క్యాబిన్‌కి తగిలి ఠంగుమంది. అప్పుడు ఆగింది. ఆగినా కట్ట ఊగుతాది కదా. నలుగురు నేల మీద బోర్లా పడుకుండిపోయారట, వాళ్ల వీపుల మీంచి ఎళ్లింది. ఎవరికీ ఏటీ కాలేదు.

పైన నిద్రోయాడన్నారు కింద వాళ్లంతా. ఇంటికొచ్చి ఆయన చెప్పింది మాత్రం వేరు. “నిద్రేటే? ఎవడు సూసాడు నిద్రోతే? రెండు సెకన్లు ఏదో ఆలోచనలో పడ్డాను. దానికి నానా యాగీ సేత్తన్నారు.” చారనుకుని అన్నంలో మంచినీళ్లు పోసీసుకోడం నాను చూశాను. చూసి ఊరుకున్నాను.

ఫోర్‌మన్ పాతకాలం మనిషి, నిక్కచ్చి. జరిగిందంతా కాయితం మీద రాసి, రిపోర్టు వచ్చీదాకా స్టోర్‌లో కూచోమని, మా ఆయన్ని ప్లాంటు ఆస్పత్రిలో డాక్టరు దగ్గరికి పంపించాడు. పగటి నిద్ర జబ్బుందని డాక్టరు రాస్తే కుర్చీ పోద్ది. ఉద్యోగం పోదు, కానీ కింద నిలబడి చైన్లు తగిలించాల, ఇన్నాళ్లూ పైనుంచి చూసిన వాళ్లతో కలిసి. ఆ మాటకి ఆయన రెండు రోజులు సరిగ్గా తినలేదు.

అక్కడో కుర్ర డాక్టరమ్మ ఉండీది. షిఫ్టుల్లో పనిచేసీవాళ్ల నిద్ర మీద పై చదువు చదువుతంది. ముందు ఒక కాయితం ఇచ్చింది. టీవీ చూస్తా కునుకు తీస్తారా, బస్సులో కూచుంటే నిద్ర ముంచుకొస్తాదా, భోంచేసి కూచుంటే కళ్లు వాలిపోతాయా, ఇలాంటి ప్రశ్నలు. మా ఆయన అన్నిటికీ ‘లేదు’ అని కొట్టి ఇచ్చీసాడు. ఆవిడ నవ్వింది. “అందరూ ఇలాగే రాస్తారండీ. అందుకే ఇంకోటి కూడా చూస్తున్నాం, మీ ఉమ్మి ఇవ్వాలి” అంది.

అన్నం ముద్ద కాసేపు నమిల్తే తియ్యగా అవుతాది కదా, అలా చేసీది ఉమ్మిలో ఒకటుంటాదట. నిద్ర చాలని మనిషికి అది పెరిగిపోద్దట. ఇంకా కొత్త పద్ధతి, దీనొక్కదాని మీదే ఏదీ తేల్చం, మిగతావాటితో కలిపి చూస్తాం అని కూడా చెప్పింది. అది పాపం నిజాయితీగానే చెప్పింది. మేవే వినలేదు. మా చెవులకి కుర్చీ ఉంటాదా పోతాదా అన్నదొక్కటే వినబడతంది.

చిన్న చిన్న దూది చుట్టలు, మూతలున్న ప్లాస్టిక్ సీసాలు ఇచ్చింది. ఆదివారం సెలవు రోజున లేవగానే ఒకటి, తొమ్మిదికి, పన్నెండుకి, మూడుకి, ఆరుకి ఒక్కోటి. దూది రెండు నిమిషాలు నమలాల, చేత్తో ముట్టకుండా సీసాలో ఊసీయాల, టైము రాసి ఫ్రిజ్‌లో పెట్టాల. అరగంట ముందునుంచి టీ లేదు, ఖైనీ లేదు. సోమవారం పొద్దున్నే ఐసు ముక్కల్లో పెట్టి పట్టుకురావాల. పాడైతే పనికొస్తాయని ఇంకో అయిదు దూదులు, సీసాలు అదనంగా ఇచ్చింది.

ఆదివారమంతా మా ఆయన మేకలా దూది నమిలాడు. టీ లేక చిరాకు, ఖైనీ లేక చిరాకు, ఎవరితో మాట్లాడినా కస్సుమనడం. నాను టైములు రాసి, మూతలు బిగించి, ఫ్రిజ్‌లో పెట్టాను. అత్తగారు అడిగితే మందు సీసాలన్నాను. అదే నాను చేసిన తప్పు. ఉమ్మి అని ముందే చెప్పుంటే ఆ ఒక్క రోజూ గోలపెట్టీది, పక్కింటి ఫ్రిజ్‌లోనైనా పెట్టుకుందును.

సోమవారం ఆయన ఏ షిఫ్టుకి స్టోర్‌కి ఎళ్లిపోయాడు. మా గుంటని స్కూలు బస్సెక్కించి వచ్చేసరికి ఫ్రిజ్ తలుపు తెరిచుంది, సామానంతా నేల మీదుంది, అత్తగారు పసుపునీళ్ల గిన్నెతో కూచుంది.

“మందో మాకో అని మూత తీసి వాసన చూశాను. ఎంగిలి దూదమ్మా! వాడి ఎంగిలి! పెరుగు పక్కన పెడతావా? నీకు శుచీ శుభ్రం ఉందా అసలు?”

“ఏం చేశారు అత్తయ్యా వాటిని?”

“ఏం చేస్తాను, కాలవలో పారేశాను.”

ఓలమ్మో! ఆ పూట నాను అన్న మాటలు ఇక్కడ రాయను. పదకొండేళ్లవి అన్నీ ఒక్కసారి బయటికొచ్చీసాయి. ఆవిడ కూడా తక్కువ తినలేదు. ఇద్దరం అరిచి అరిచి అలిసిపోయాక గోడ గడియారం చూస్తే ఎనిమిదిన్నర. పదింటికల్లా సీసాలు అందకపోతే ఆ వేళ పరీక్షకి ఎళ్లవు. అప్పుడు ఫోర్‌మన్ రాసిన కాయితం ఒక్కటే మిగుల్తాది. ఉన్నదున్నట్టు డాక్టరమ్మకి చెప్పొచ్చు కదా అంటే, ఎంగిలని మా అత్తగారు కాలవలో పారేసిందండీ అని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

అదనపు దూదులు అయిదూ ఉన్నాయి. వంటింట్లో నిలబడి ఒకదాని తరవాత ఒకటి నానే నమిలీసాను. ఒకటి పొద్దున్న ఆరుది, ఒకటి తొమ్మిదిది, ఒకటి పన్నెండుది, అలా టైములు రాసీసాను. అయిదూ కలిపి అరగంటలో అయిపోయాయి. చేస్తన్నది తప్పని తెలుసు. కానీ లోపల ఏ మూలో గర్వం కూడా ఉంది, అబద్ధమెందుకు. ఆ ఇంట్లో పగలు నడుం వాల్చని మనిషిని నానొక్కద్దాన్నే. ఏ షిఫ్టు వారం మూడున్నరకి లేచి క్యారేజీ కట్టాల. బీ షిఫ్టు వారం రాత్రి పదకొండుకి వేడన్నం పెట్టాల, మళ్లీ అయిదున్నరకి గుంట స్కూలు కోసం లేవాల. సీ షిఫ్టు వారం పగలు ఆయన పడుకుంటే గ్లాసు చప్పుడు కూడా కాకుండా కాపలా కాయాల. ఇంత చేసినా నాను ఎక్కడా కునికిందాన్ని కాదు. నా ఉమ్మి అయితే ఆయన కుర్చీ నిలబడిపోద్ది అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

ఐసు ముక్కల్లో పెట్టి పదిలోపే నానే ఇచ్చొచ్చాను. వారం తరవాత రిపోర్టు వచ్చింది. ఇద్దరం ఎళ్లాం. డాక్టరమ్మ కాయితం ముందు పెట్టుకుని ఒక్కో అంకె కిందా పెన్నుతో గీసింది.

“మామూలుగా నిద్ర లేవగానే తక్కువుండి, పొద్దెక్కే కొద్దీ పెరగాలండీ. మీకు పొద్దున్న ఆరుకే పైనుంది, సాయంత్రందాకా అక్కడే ఉంది. ఇంత ఎక్కువ నేను చూసినవాళ్లలో లేదు. మీరు నిద్రపోయి ఎన్నాళ్లయింది?”

ఇది ఒక్కటే అయితే ఆగేదాన్ని, ఫోర్‌మన్ రాసింది కూడా ఉంది కాబట్టి, మిగతా పరీక్షలు అయ్యీదాకా క్రేన్ ఎక్కించొద్దని రాస్తున్నానంది. రాసీసింది.

ఇంక ఆ మూడు రోజులు నా బతుకు కుడితిలో పడ్డ ఎలకే. కాలవలో పారేసిన సంగతి అత్తగారు కూడా కొడుకుతో అనలేదు. దొంగకి తేలు కుట్టినట్టు, ఎవరితో చెప్పుకోను? తోమిన గిన్నెలే మళ్లీ తోమాను. ఏటీ పని లేకుండా బస్సెక్కి వన్ టౌన్ ఎళ్లి, అమ్మ గుమ్మందాకా ఎళ్లి, లోపలికి ఎళ్లకుండా తిరిగొచ్చీసాను. నిజం చెప్తే ఆ కాయితం చెల్లదు, ఆయన మళ్లీ పైకెక్కుతాడు. కానీ ఆయన నిజంగా నిద్రపోయుంటే? నేల మీద బోర్లా పడుకున్న ఆ నలుగురికీ ఇళ్లున్నాయి, నాలాంటోళ్లు క్యారేజీలు కట్టి పంపిస్తన్నారు. చెప్పకపోతే, చెయ్యని తప్పుకి మొగుణ్ణి కుర్చీలోంచి నానే లాగీసినట్టు. ఎటు తిప్పినా తప్పే. జాలరిపేట నుంచి తట్టతో వచ్చీ అప్ప దగ్గర సేపలు కొంటా మొప్ప ఎత్తి చూస్తన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, “ఎర్రగుండాల్సింది సేప మొప్పలమ్మా, నీ కళ్లు కాదు. ఏటైంది నీకు?” అంది. సేపలు తీసుకోకుండానే లోపలికి వచ్చీసి ఏడ్చాను.

నాలుగో రోజు ఆయన్ని వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పోయి, నిలబడే చెప్పీసాను. “ఆ ఉమ్మి ఆయనది కాదండీ. నాది.”

ఆయన కుర్చీలోంచి లేచిపోయాడు. “నీదేటి? పిచ్చెక్కిందేటే నీకు? నా పరువు తీసి కాలవలో కలిపీసావు కదే!” అని అక్కడే అరిచాడు. అననియ్యి. అనాల్సిందే. డాక్టరమ్మ మాత్రం ఆయన్ని చూడట్లేదు, నన్నే చూస్తంది. ఆ కాయితంలో ప్రశ్నలు నన్ను అడగడం మొదలెట్టింది.

“టీవీ చూస్తూ కూచుంటే నిద్ర వస్తుందా?”

“కూచుని ఎప్పుడు చూశానండీ?”

“బస్సులో?”

“సీటెక్కడ దొరుకుద్ది, నిలబడతాను.”

“మధ్యాహ్నం భోంచేసి కూచున్నాక?”

“అంట్లుంటాయి కదండీ.”

ఆవిడ పెన్ను కింద పెట్టీసింది. చేసింది చాలా పెద్ద తప్పని నాకు గట్టిగానే చీవాట్లు పెట్టింది. అక్కర్లేని మనిషిని దించినా, దించాల్సిన మనిషిని ఎక్కించినా ప్రాణాలతో ఆటే అంది. ఆ తరవాత ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రందాకా ఇద్దరూ ఇక్కడే, నా కళ్ల ముందే ఉమ్మి ఇవ్వాలి అంది. “ఇద్దరూ ఎందుకండీ?” అన్నాను. ఆవిడ అప్పటికే నా పేరు కూడా చీటీ మీద రాసీసింది.

ఆ ఆదివారం ఒక చిన్న గది, రెండు కుర్చీలు, గోడకో గడియారం. ఆయన నాతో మాట్లాడ్డం మానీసి మూడు రోజులు. నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీట్లేదు. తోమడానికి ఏటీ లేదు, తుడవడానికి ఏటీ లేదు. లేచి కిటికీ దగ్గరికి ఎళ్తాను, వస్తాను, కూచుంటాను, మళ్లీ లేస్తాను. నర్సమ్మ రెండు సార్లు కూచోమంది. పన్నెండింటి దూది ఇచ్చి కూచున్నాను.

ఎవరో భుజం పట్టుకుని ఊపుతున్నారు. కళ్లు తెరిస్తే ఆయన, మొహం పాలిపోయుంది. “ఏటైందండీ?” అన్నాను.

“ఎన్నిసార్లు పిలిచానో తెలుసా? నర్సు ట్రే కింద పడేసింది, అంత చప్పుడికి కూడా నువ్వు కదల్లేదు.”

“నిద్రపోలేదండీ. మీరు కుర్చీ జరపడం, ఆవిడ రావడం, అన్నీ వింటానే ఉన్నాను.”

“ఏడిశావు. టైం చూడు.”

గడియారం రెండు దాటి పదినిమిషాలు చూపిస్తంది. గడియారం పాడైందనుకున్నాను. నా చెంప తడిగా ఉంది, చీర భుజం దగ్గర తడిగా ఉంది. ఒట్టేసి చెప్తాను, నా లెక్క ప్రకారం నాను నిద్రపోలేదు. ఒక్క క్షణం కూడా పోలేదు. ఆ మాటే ఆయనతో మళ్లీ వాదించాను, గట్టిగా వాదించాను.

ఆయన వాదించలేదు. ఎదురుగా కూచుని నా మొహమే చూస్తా ఉన్నాడు. ఆ చూపులో కోపం లేదు. నాకు దాంతో ఇంకా భయమేసింది.

“నాను కూడా ఇంతేనేటే?” అన్నాడు. “నువ్వు అబద్ధమాడట్లేదు. నీకు నిజంగానే తెలీలేదు. ఆ రోజు పైన నాకూ తెలీలేదన్నమాట.”

మూడుగంటల దూది నమిలి సీసాలో ఊసి, మూత బిగించి, డాక్టరమ్మ గదిలోకి ఆయనే నడుచుకుంటా పోయాడు. రిపోర్టు ఎలా వచ్చినా పర్లేదు, నన్ను పైకి ఎక్కించొద్దని రాసీండి అని చెప్పొచ్చాడు. చెప్పొచ్చి నా పక్క కుర్చీలో కూచుని, మొహానికి చేతులడ్డం పెట్టుకుని ఏడ్చాడు. పెళ్లయిన పదకొండేళ్లలో ఆయన ఏడవడం అదే చూడ్డం. నాకు పట్టలేని జాలేసింది, అంతకన్నా ఎక్కువ సిగ్గేసింది.

రిపోర్టులు తరవాత వచ్చాయి. ఆయనదీ ఎక్కువే, నాకంటే కాస్త తక్కువ. అందులోనూ నాదే పైచేయి. నిద్రలో ఊపిరి సరిగ్గా ఆడతందో లేదో చూసీ గురక పరీక్షకి డాక్టరమ్మ ఆయన్ని ఎక్కడికో రాసింది. ఏడు గంటలు ఏకధాటిగా నిద్రపోవాలని నా చీటీ మీద కూడా రాసింది. ఏ మందుల షాపులో ఇస్తారండీ అని అడిగాను, కోపంగానే అడిగాను. ఆయనకి దిగడానికి కుర్చీ ఉంది, దించడానికి ఫోర్‌మన్ ఉన్నాడు. నన్ను ఎవరు దించుతారు? డాక్టరమ్మ తల దించుకుంది. పాపం ఆవిడేం చేస్తాది.

తరవాత సోమవారం ఆయన కిందికి దిగాడు. మొదటి రోజు, చైను తగిలించి పక్కకి తప్పుకునే పని. పైన ఆయన కుర్చీలో వేరే మనిషి. ఆ మధ్యాహ్నం రెండున్నరకి ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూచుండిపోయాడు. అన్నం పెట్టమంటారా అంటే వద్దన్నాడు. తల తిప్పలేకపోతన్నాడు, మొత్తం ఒళ్లు తిప్పి నన్ను చూశాడు.

“మెడ పట్టీసిందే,” అన్నాడు. “రోజల్లా పైకే చూస్తా ఉన్నాను, ఆడు మెలకువగా ఉన్నాడో లేదోనని.”